కట్ల గదికీ మందుల కిటికీకీ మధ్య

"చెప్పు ఆయనకి, పుండు మానకపోవడంలో నా చేతి తప్పేమీ లేదని."

"ఆయన ఇక్కడే ఉన్నారక్కా. గుమ్మంలోనే నిలబడ్డారు."

"ఉంటే ఉండనీ. నువ్వు చెప్పు."

ఆరోగ్య కేంద్రంలో కట్లు కట్టే గది అది. టైలరు కుడికాలు స్టూలు మీద ఉంది. ఆ కాలికి అటువైపు నర్సు. ఇటువైపు గుమ్మంలో ఆమె మొగుడే, పక్క గదిలో మందులిచ్చే ఫార్మసిస్టు. ఆ మొగుడూ పెళ్ళాలకు మాటలు లేవు. రోగులు మాత్రం రోజూ వస్తూనే ఉంటారు కనక ఆ గది మాట ఈ గదికి, ఈ గది మాట ఆ గదికి ఈ మధ్య టైలరే మోస్తున్నాడు.

"బావగారూ, పుండు విషయంలో అక్క చేతి తప్పేమీ లేదట."

"విన్నాను. బిళ్ళల విషయంలో నా తప్పేమీ లేదని మీ అక్కకి చెప్పు."

"అక్కా, బిళ్ళల విషయంలో..."

"నాకు చెవులున్నాయి."

"ఇద్దరికీ చెవులున్నప్పుడు మధ్యలో నేనెందుకు?"

"కాలు నీది కాబట్టి. కదలకు. గాజుగుడ్డ పుండుకి అంటుకుపోయింది, సెలైన్ పోసి నానబెట్టి తీయాలి. లాగుతున్నాను. నొప్పిగా ఉందా?"

"లేదక్కా."

"అదే నాకు నచ్చడం లేదు. షుగరున్న కాలికి నొప్పి లేదంటే సంతోషపడకూడదు. ఇక్కడ నొక్కుతున్నాను, తెలుస్తోందా?"

"ఎక్కడ నొక్కుతున్నారు?"

"సరే, వదిలెయ్. డాక్టరుగారు ఏమన్నారో ఇంకోసారి చెప్పు. ఆయన కూడా వినాలి. ఉన్నదున్నట్టు చెప్పు."

"డాక్టరుగారే వచ్చి చెప్పొచ్చు గదా అక్కా. వరండాలో మూడో తలుపు ఆయనది."

"రారు. మొన్నెప్పుడో వచ్చి ఏదో అడిగితే మేమిద్దరం ఒకేసారి చెరో జవాబు చెప్పాం. అప్పటినుంచి ఆయన కూడా ఏదున్నా నీతోనే పంపిస్తున్నారు."

"అయితే ఈ కేంద్రంలో నాకూ ఒక కుర్చీ వేయించండి. ఆయన అన్నది ఇదీ. 'వేలు వాచింది, రంగు మారుతోంది. ఇన్ని కట్లు కట్టినా ఇన్ని బిళ్ళలు మింగినా ఎందుకు మానడం లేదో ఆ రెండు గదులూ కలిసి నాకు ఒక్క జవాబు చెప్పాలి. రెండు జవాబులు నాకొద్దు. చెప్పలేకపోతే ఓపీ అయ్యాక వ్యాను పెద్దాసుపత్రికి పోతుంది, నువ్వు అందులో ఎక్కు. వాళ్ళు వేలు తీసేస్తారు. వేలుతో ఆగుతుందా, పాదం దాకా వెళ్తుందా అనేది వాళ్ళు కోసి చూసి చెబుతారు.' అంతే."

"ఇదంతా నీ మొహం చూసే చెప్పారా?"

"చీటీ రాస్తూ చెప్పారు. మొహం ఆయనకి అక్కర్లేదు గదా, ఆయన చూసేది కాలు."

"టైలరూ, ఒకవేళ వేలు తీసినా నువ్వేం భయపడకు. ఇప్పుడు మోటారు మిషన్లు వచ్చాయి. తొక్కే పనే లేదు."

"వచ్చాయి బావగారూ. ఆ మోటారుని నొక్కేది కూడా కాలితోనే. తొక్కితే పరిగెడుతుంది, వదిలితే ఆగుతుంది. ఎక్కడ ఆపాలో ఈ బొటనవేలికి తెలుసు. నాకు తెలీదు, దానికి తెలుసు."

"ఎడమ కాలితో అలవాటు చేసుకోవచ్చుగా?"

"మీరు ఎడమ చేత్తో బిళ్ళలు లెక్కపెడతారా?"

"పెట్టను."

"పెట్టమను తమ్ముడూ. కుడిచేత్తో పెట్టినా అది తప్పుడు లెక్కేగా."

"ఏమంటోంది టైలరూ?"

"ఏం లేదు బావగారూ. మీది లెక్క తప్పని చెయ్యి అంటోంది."

"నేనలా అనలేదే."

"అన్నారక్కా. కొంచెం అటూ ఇటుగా."

"ఒక్క నిమిషం ఆగు టైలరూ. నేనిక్కడే ఉన్నాను. ఆమె అన్నది నాకు వినపడింది. అయినా నా మొహం మీదే మాట మార్చి చెప్పావు."

"మార్చానా?"

"మార్చావు. ఎదురుగా ఉంటేనే ఇలా చేశావంటే గోడకి అవతల ఉన్నప్పుడు ఏం చేసి ఉంటావు?"

"అలవాటు బావగారూ."

"ఏం అలవాటు?"

"గుడ్డకి చిరుగు ఉంటే దాన్ని లోపలికి మడిచి కుడతాను. వేసుకున్నవాడికి తప్ప చూసేవాడికి తెలీదు."

"చిరుగు సంగతి తర్వాత. పోయిన వారం నువ్వు కిటికీ దగ్గరకొచ్చి, అక్క మీరు భోంచేశారా అని అడిగింది అన్నావు."

"అన్నాను."

"నేనా? నేనెప్పుడు అడిగాను తమ్ముడూ?"

"ఆరోజు మీరు ఏమన్నారో చెప్పమంటారా అక్కా?"

"చెప్పు, నాకేం భయం."

"'తినడం, తిని కుర్చీలో కూలబడడం, ఈ రెండూ తప్ప ఆ మనిషికి పనేముంది' అన్నారు. అందులో తిండి సంగతి ఉంది. అది ఉంచి మిగతాది తీసేశాను."

"అలా ఎంతకాలంగా చేస్తున్నావు?"

"మొదటి కట్టు నాటినుంచి. నా కాలు ఒకరి చేతిలో ఉంది, నా మందు ఇంకొకరి చేతిలో ఉంది. మీ తిట్లు మీకు అందించి నేనెక్కడ బతకను?"

"నేను దానికి జవాబు కూడా పంపాను టైలరూ. 'నేను తిన్నాను, ఆమె తిన్నదా' అని."

"అది అలాగే చెప్పాను బావగారూ, ఒక్క పోగు కూడా తీయలేదు."

"చెప్పాడు. ఆయన అంత మాట అంటాడా, ఈ తమ్ముడే కల్పించి ఉంటాడు అనుకుని ఊరుకున్నాను."

"అదొక్కటే నిజం అక్కా. దానికి కత్తెర పెట్టే పని రాలేదు."

"సరే సరే. ఆ కిడ్నీ ట్రే ఇటు జరుపు. ఆయన్ని కాదు, నిన్నే, నీ చెయ్యి ఖాళీగానే ఉందిగా."

"అక్కా, వ్యాను డ్రైవరు టైర్లు చూసుకుంటున్నాడు. ఈ కిటికీలోంచి కనపడుతున్నాడు. నాకు ఆ జవాబు కావాలి."

"జవాబు ఏముంది, ఆయన బిళ్ళలు సుద్దముక్కలు. అవి మింగితే పుండు మానుతుందా, నోరు తెల్లబడుతుందా."

"నా బిళ్ళలు డేటున్నవి. పాడైన సరుకు ఏ గదిలో దొరికిందో ఆఫీసరుగారినే అడగమను."

"చూశావా తమ్ముడూ. మళ్ళీ అక్కడికే వచ్చాడు."

"అసలు ఆ ఆఫీసరు గొడవేమిటక్కా? ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కొక్కలా చెబుతున్నారు. ఒకాయన విడాకులన్నాడు."

"విడాకులు కూడానా. తనిఖీకి పెద్దాఫీసరు వచ్చాడు. ఇదిగో ఈ బీరువా తెరిచాడు. పైకప్పు కారి దూది కట్టలు తడిసి బూజు పట్టి ఉన్నాయి. ఇది ఎవరి బాధ్యత అన్నాడు. ఈయన వేలెత్తి నన్ను చూపించాడు. కాపురం చేస్తున్న మనిషి, వేలెత్తి చూపించాడు."

"ఎవరి బాధ్యత అని అడిగాడు టైలరూ. కట్ల గది ఎవరిది? ఇంట్లో బీరువా సంగతి అడిగి ఉంటే నాది అనేవాణ్ణి."

"మాది అనొచ్చుగా, అని అడుగు. నోరు అరిగిపోతుందా అని కూడా అడుగు."

"కప్పు కారుతోందని ఈ ఇద్దరిలో ఎవరైనా పైకి రాశారా?"

"అది డాక్టరు రాయాలి."

"అది డాక్టరే రాయాలి."

"ఒక్క మాట మీద నిలబడ్డారు, సంతోషం. మరి ఇంట్లో ఎలా అక్కా? ఇంట్లో నేను లేనుగా."

"ఇంట్లో మా అత్తయ్య ఉంది. కూరలో ఉప్పు చాలిందో లేదో ఆవిడని అడుగుతాను. ఆవిడ కొడుకుని అడుగుతుంది."

"ఆవిడ పడుకుంటే?"

"ఉప్పు లేకుండానే తినేస్తాం."

"అది మీ కూర, మీరెలాగైనా తినండి. ఇది నా కాలు."

"తమ్ముడూ, గట్టిగా అరవకు, బయట రోగులున్నారు."

"నేనూ రోగినే అక్కా. ఇంతసేపూ మర్చిపోయారు. ఇప్పుడు వినండి ఇద్దరూ. బయట గోడమీద నిలువెత్తు అక్షరాలతో రాయించారు, మీ ఆరోగ్యం కోసం మేమందరం ఒక్కటై అని. ఒక్కటై ఉన్నది ఆ గోడ ఒక్కటే. లోపల ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. ఈ రెండు గదులకీ మధ్య ఒక చిన్న కిటికీ ఉండేది, చెయ్యి చాపితే మందు అందేది. దానికి అడ్డంగా బీరువా జరిపారు."

"అది ఆయనే జరిపాడు."

"ఆమె జరపమంది. అంటే, మా అమ్మతో చెప్పి పంపింది."

"నన్ను చెప్పనివ్వండి. అక్క నాతో రోజూ ఏమంటుంది? 'ఈ కాలు నేలమీద మోపొద్దు, మోపితే పుండు తెరుచుకుంటుంది.' ఆ మాట అన్న నోటితోనే, 'లేచి వెళ్ళి ఆయనకి ఈ సంగతి చెప్పిరా' అంటుంది. ఏ కాలితో వెళ్ళాలి అక్కా? అక్కడికి వెళ్తే బావగారు, 'నిలబడకు, నిలబడకూడదు, వెళ్ళి మీ అక్కకి చెప్పు' అంటారు. డాక్టరుగారేమో రోజూ కాస్త నడవమన్నారు. నడవడానికి నేను పార్కుకి పోనక్కర్లేదు, మీ వరండా చాలు."

"డాక్టరు నడవమన్నాడా? ఈ కాలితో నడవమన్నాడా?"

"పుండు రాకముందు అన్నారు. వద్దని మళ్ళీ ఎవరూ అనలేదు."

"నేనన్నాను."

"మీరు మోపొద్దన్నారు. నడవొద్దనలేదు. నడిచేటప్పుడు మడమ మీద నడుస్తున్నాను, బాతులాగా. మా వీధిలో పిల్లలు వెనక నడుస్తున్నారు."

"భగవంతుడా."

"ఆయన్ని కూడా పిలవకండి, ఆయనకీ నేనే చెప్పిరావాలి. నా షాపులో ఎలా జరుగుతుందో చెబుతాను. నేను టేపు పట్టి కొలుస్తాను, నా భార్య రాస్తుంది. నేను నడుము ముప్పై నాలుగు అంటాను. ఆమె పైకి ముప్పై నాలుగు అని, అప్పుడు రాస్తుంది. మేం మాత్రం పోట్లాడుకోమా? రోజంతా పోట్లాటే. 'ముప్పై నాలుగు, నీ మొహం మండా' అంటుంది ఎదురుగా కస్టమరు ఉండగానే. కానీ ముప్పై నాలుగు అంటుంది. మీరిద్దరూ నీ మొహం మండా దాకా బాగానే వస్తున్నారు, ముప్పై నాలుగు దగ్గరే ఆగిపోతున్నారు."

"సరే, ఏం చెయ్యమంటావు?"

"నేను అడుగుతాను. ఒక్కొక్కరే చెప్పండి. తిట్లు ఉంటే తిట్లతోనే చెప్పండి, ఈసారి నేనేమీ తీయను. అక్కా, డాక్టరుగారు నాకు ఏం రాశారు?"

"షుగరుకి ఎప్పుడూ వేసుకునేవే. అవి మార్చలేదు. పుండుకి కొత్తగా చీము తగ్గే బిళ్ళ రాశారు."

"ఎన్ని?"

"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చీటీ నేను నా కళ్ళతో చూశాను."

"బావగారూ, మీరేం ఇచ్చారు?"

"అదే బిళ్ళ ఇచ్చాను."

"ఎన్ని వేసుకోమన్నారు?"

"పొద్దున రెండు, రాత్రి రెండు. కవరు మీద గీతలు కూడా గీశాను, మర్చిపోతావని."

"చూశావా తమ్ముడూ, డాక్టరు ఒకటి అంటే ఈయన రెండంటాడు. ఆయన చదువు డాక్టరు చదువు కంటే పెద్దది మరి. కవరు నా దగ్గరికి వచ్చింది కాబట్టి సరిపోయింది, ఒక్కొక్క గీత కొట్టేశాను."

"ఏంటి, కొట్టేసిందా?"

"కొట్టేశాను అని చెప్పు. నాలుగేసి బిళ్ళలు మింగితే కడుపు ఏమవుతుందని కూడా అడుగు."

"టైలరూ."

"ఉన్నాను బావగారూ."

"నువ్వు ఎన్ని వేసుకున్నావు?"

"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి."

"కిటికీ దగ్గర నేను అడిగానా లేదా? వచ్చినప్పుడల్లా అడిగాను, చెప్పినట్టే వేసుకుంటున్నావా అని."

"అడిగారు. చెప్పినట్టే వేసుకుంటున్నానన్నాను. ఎవరు చెప్పినట్టో మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

"ఇక్కడ కూర్చోడానికి ఏమైనా ఉందా?"

"అక్కా, బావగారు కూర్చుంటారట."

"ఆ బకెట్ బోర్లించి కూర్చోమను. ఎందుకు, ఏమైంది? ఆయన మొహమేంటి అలా అయింది?"

"టైలరూ, అది చిన్న బిళ్ళ."

"చిన్న బిళ్ళంటే?"

"డాక్టరు రాసింది ఐదొందల బిళ్ళ. అది పైనుంచి రావడం ఆగిపోయింది. నా దగ్గర ఉన్నది రెండొందల యాభైది. అందులో మందు సగమే ఉంటుంది. రెండు వేస్తే డాక్టరు రాసిన ఒకటి అవుతుంది. అందుకే రెండు గీతలు."

"ఏమంటున్నాడు ఆయన?"

"విన్నారుగా అక్కా."

"విన్నాను. ఇంకోసారి చెప్పమను."

"నేనే చెబుతాను అక్కా. సగం మందు. ఈ కాలికి ఇన్నాళ్ళూ సగం మందు పడింది. మిగతా సగం మీరు పెన్నుతో కొట్టేశారు."

"నాకు తెలీదు తమ్ముడూ. నీమీద ఒట్టు, నాకు తెలీదు. ఆయన వాటిని డబ్బాలోంచి తీసి కాగితం కవర్లో పోస్తాడు. పెద్దదీ తెలుపే, చిన్నదీ తెలుపే. నేను కవరు పైన చూస్తాను గానీ లోపల చూస్తానా. నాకొక్క మాట చెప్పొచ్చు గదా."

"చెప్పి పంపాను."

"ఎవరితో?"

"ఎవరితో పంపుతాను."

"తమ్ముడూ."

"ఏమని చెప్పి పంపారో బావగారినే చెప్పమనండి అక్కా. నాకు గుర్తుంది. కానీ అది ఆయన నోటితోనే రావాలి."

"ఇప్పుడదంతా ఎందుకు టైలరూ."

"తిట్లతో సహా అనుకున్నాం బావగారూ."

"'డాక్టరు చీటీ చదవడం వచ్చిన మీ అక్కకి డబ్బా మీద అక్షరాలు కూడా చదవడం వస్తుందేమో కనుక్కో. రాకపోతే బళ్ళో వెయ్యి. ఇది చిన్న బిళ్ళ, రెండు వేస్తేనే ఒకటి.' అన్నాను."

"ఎంత మాట. బళ్ళో వెయ్యమన్నాడా?"

"అన్నారక్కా."

"మరి నువ్వు నాకేం చెప్పావు?"

"'బావగారు రెండేసి వేసుకోమన్నారు' అని చెప్పాను. మీరు, 'రెండెందుకు, డాక్టరు రాసింది ఒకటే' అని పెన్ను తీశారు."

"చిన్న బిళ్ళ అనే మాట ఏమైంది?"

"అది తిట్టు పక్కనే ఉందక్కా. ఆ తిట్టు మీ చెవిన పడితే ఆరోజు నా కట్టు గట్టిగా బిగుస్తుందని భయపడ్డాను. తీసేశాను. తీసేటప్పుడు దాన్ని ఆనుకుని ఉన్నది కూడా పోయింది."

"అంత ముఖ్యమైన ముక్క పోతే నీకు తెలియలేదా?"

"నేను బట్టలు కుట్టేవాణ్ణి అక్కా. బిళ్ళల్లో చిన్నాపెద్దా ఏంటో నాకేం తెలుసు? గొంతులో దిగడానికి చిన్నది ఇచ్చారేమో, మంచి మనిషి అనుకున్నాను."

"అయ్యో తమ్ముడూ."

"అయ్యో అనడానికి టైం లేదు. వ్యాను తలుపులు తెరిచారు. మీకు జవాబు దొరికింది. డాక్టరుగారు అడిగింది కూడా అదే, ఒక్క జవాబు. వెళ్ళి చెప్పండి."

"సరే, నువ్వు వెళ్ళి చెప్పు తమ్ముడూ..."

"నేనా?"

"అంటే, నీకైతే అలవాటు గనక..."

"నేను వెళ్ళను. కాలు స్టూలు మీద ఉంది, కట్టు సగంలో ఉంది. మోపొద్దన్నది మీరే. ఈసారి మోపను. మీరిద్దరూ వెళ్ళండి."

"ఇద్దరమా?"

"ఇద్దరూ. ఒకే తలుపులోంచి."

"ఆయన్ని ముందు నడవమను."

"ఆమెనే ముందు నడవమను టైలరూ."

"అది స్ట్రెచరు పట్టే తలుపు బావగారూ. మీరిద్దరూ పక్కపక్కన పడతారు. కావాలంటే నేను కొలిచి చెబుతాను."

వాళ్ళిద్దరూ వెళ్ళారు. టైలరు కట్టు లేని తన వేలిని ముఖాముఖిగా చూస్తూ కూర్చున్నాడు. వరండాలోంచి డాక్టరు గొంతు పెద్దగా వినిపించి, తగ్గి, మళ్ళీ పెద్దదయింది. చివరికి నర్సు చేతిలో ఇంజెక్షను, ఫార్మసిస్టు చేతిలో కొత్త కవరుతో తిరిగి వచ్చారు.

"ఏమన్నారు అక్కా?"

"ముందు కోప్పడ్డారు."

"ఎవర్ని?"

"ఇద్దర్నీ. ఒకేసారి."

"మంచిది. మీరిద్దరూ కలిసి విన్న మొదటి మాట అదే అయి ఉంటుంది. వేలు సంగతి?"

"ఇటు తిరుగు, ముందు ఇంజెక్షను చెయ్యనీ. ఈ పూట నుంచే పూర్తి మందు పడాలన్నారు. ఇంజెక్షను రోజూ నేనే చేస్తాను. శుక్రవారం దాకా చూద్దామన్నారు. ఎరుపు తగ్గి వాపు దిగితే వేలు ఉంటుంది."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే వ్యాను ఎక్కాలి."

"ఆ మాట కాస్త మెత్తగా చెప్పొచ్చుగా అక్కా."

"మెత్తగా చెప్పుకునే ఇంతదాకా తెచ్చుకున్నాం. తగ్గకపోతే వేలు పోతుంది. తగ్గడానికి నేను చెయ్యాల్సింది నేను చేస్తాను. నువ్వు కాలు మోపావంటే ఆ కాలు నేనే విరగ్గొడతాను."

"టైలరూ, ఇదిగో కవరు. చూడు, చిన్న బిళ్ళ అని పైన రాశాను. పొద్దున రెండు, రాత్రి రెండు. ఎన్ని?"

"పొద్దున రెండు, రాత్రి రెండు, మీ మొహం మండా."

"అదీ."

"ఇంతకీ మీరిద్దరూ మాట్లాడుకున్నారా?"

"మాట్లాడాం. డాక్టరుతో."

"ఒకరితో ఒకరు?"

"అంత అవసరం పడలేదు. ఆయన చెప్పింది డాక్టరు విన్నారు, డాక్టరు చెప్పింది నేను విన్నాను."

"అంటే నా ఉద్యోగం డాక్టరుగారికి ఇచ్చారన్నమాట. పెద్ద చదువు చదివారు, బాగానే చేస్తారు."

"ఇకమీదట ప్రతి కవరు మీదా చిన్న బిళ్ళో పెద్ద బిళ్ళో రాస్తానని మీ అక్కకి చెప్పు."

"విన్నాను. కవరు విప్పి చూడకుండా ఏ గీతా కొట్టనని ఆయనకి చెప్పు."

"నేను రాజీనామా చేశాను అక్కా. ఆ వ్యాను ఏంటి, స్టార్ట్ చేశారు? నన్ను ఎక్కించుకోడానికా?"

"కాదు, నీ పేరు తీసేశారుగా. కూర్చో."

"అయితే ఖాళీగా పోతోందా?"

"ఖాళీగా ఎందుకు పోతుంది, బేకరీ ఆవిడ ఎక్కింది. పొయ్యి తలుపు తగిలి ముంజేయి కాలింది, గుర్తుందా, నువ్వొచ్చిన వారమే ఆవిడా వచ్చింది. చీము ఎంతకీ ఆగడం లేదు, జ్వరం కూడా మొదలైంది. చెయ్యి మీద కోసి శుభ్రం చేయాలని డాక్టరు పొద్దునే రాసేశారు. పాపం, నువ్వయితే మడమ మీద తిరుగుతావు గానీ ఆవిడ చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. కట్టు తడవనివ్వదు. మందు ఒక్క పూట మానదు. అయినా ఎందుకు మానలేదో..."

"అక్కా? పూర్తిగా చెప్పండి."

"ఆవిడ కవరు కూడా నా దగ్గరికే వచ్చింది తమ్ముడూ."

"ఏమైందక్కా? బావగారికి ఏమైనా చెప్పాలా?"

"నువ్వు ఊరుకో తమ్ముడూ. ఏమయ్యా. ఇటు చూడు, నిన్నే. ఆ బేకరీ ఆవిడకి నువ్విచ్చింది ఏ బిళ్ళ?"

"చిన్నదే. పెద్దవి అయిపోయినప్పటినుంచి నా కిటికీ దగ్గరకొచ్చిన ప్రతి మనిషికీ చిన్నదే ఇచ్చాను, రెండేసి గీతలు గీసి. నువ్వు ఎంతమందివి కొట్టేశావు?"